వయసు అడగాల్సింది గుమ్మం దగ్గరా, గల్లాపెట్టె దగ్గరా?

మన ఊళ్ళలో కిరాణా కొట్టు ఎలా ఉంటుందో పెద్దవాళ్ళకి చెప్పనక్కర్లేదు. పిల్లలూ, మీకోసం చెప్తున్నాను. ముందు బియ్యం, కందిపప్పు బస్తాలు. బల్ల మీద గాజు సీసాల్లో బిళ్ళలు, జీడీలు. కొట్టాయన వెనకాల అరలో సిగరెట్ పెట్టెలు, బీడీ కట్టలు. ఏడేళ్ళ పిల్లవాడు పావుకిలో పంచదార కోసం వెళ్తే "నీ వయసెంత?" అని ఎవరూ అడగరు. అదే పిల్లవాడు సిగరెట్ పెట్టె అడిగితే మాత్రం కొట్టాయన కళ్ళజోడు పైనుంచి చూసి, "మీ నాన్నకి చెప్పమంటావా?" అంటాడు. 2003లో వచ్చిన చట్టం ప్రకారం భారతదేశంలో 18 ఏళ్ళు నిండనివాళ్ళకి పొగాకు అమ్మకూడదు. అలాగని పిల్లలు కిరాణా కొట్టుకే వెళ్ళకూడదని ఎవరూ అనలేదు. బ్రాందీ షాపు సంగతి వేరు. అక్కడ అమ్మేదే అది కాబట్టి పిల్లలకి గుమ్మం దగ్గరే అడ్డు.

ఇంటర్నెట్‌లో కూడా కిరాణా కొట్లు, బ్రాందీ షాపులు రెండూ ఉన్నాయి. వెబ్‌సైట్లు వయసు తనిఖీ చేయాలంటూ ఈ మధ్య దేశదేశాల్లో చట్టాలు వస్తున్నాయి. మన టెక్సాస్‌లోనూ వచ్చింది. పిల్లల్ని కాపాడాలనడంలో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఒక్క ప్రశ్న దగ్గరే ఉంది: ఏ సైట్లు తనిఖీ చేయాలి? ఇంకోలా చెప్పాలంటే, వయసు అడగాల్సింది గుమ్మం దగ్గరా, గల్లాపెట్టె దగ్గరా? సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాడిగా, బడిలో పిల్లలకి పాఠాలు చెప్పే వాలంటీరుగా నాకు అర్థమైనంతవరకు ఈ సంగతి వివరిస్తాను.

ఇప్పటిదాకా జరిగిన కథ

ఈ కథ మొదలైంది కూడా ఒక చిన్న కొట్లోనే. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో శామ్ గిన్స్‌బర్గ్ అనే ఆయన, భార్యతో కలిసి స్టేషనరీ సామాన్లు, ఫలహారాలు అమ్మే కొట్టు నడిపేవాడు. పెద్దలు మాత్రమే చదవాల్సిన పత్రికలు రెండు 16 ఏళ్ళ అబ్బాయికి అమ్మాడని ఆయన మీద కేసు పెట్టారు. పెద్దలు కొనుక్కోగలిగిన పత్రికనైనా సరే, పిల్లలకి అమ్మకూడదని రాష్ట్రం చట్టం చేయవచ్చని 1968లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఒక్క విషయం గమనించండి. ఆ చట్టం పిల్లల్ని శామ్ గారి కొట్లోకి రావద్దనలేదు. ఆ పత్రిక అమ్మేటప్పుడు వయసు చూడమంది, అంతే.

ఇంటర్నెట్ వచ్చాక 1996లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. అది మరీ విశాలంగా ఉంది, పెద్దవాళ్ళు చదువుకునే హక్కును కూడా కత్తిరిస్తోంది అంటూ 1997లో సుప్రీంకోర్టు అందులోని ముఖ్యభాగాన్ని కొట్టేసింది. 1998లో ఇంకో చట్టం వచ్చింది గానీ ఒక్కరోజు కూడా అమలు కాలేదు. ఇంట్లో కంప్యూటర్లో ఫిల్టరు పెట్టుకుంటే సరిపోయేదానికి ఇంత గట్టి చట్టం ఎందుకన్నట్టుగా 2004లో కోర్టు అభిప్రాయపడింది. చివరికి 2009లో ఆ కథ ముగిసింది.

అదే 1998లో కోపా అనే మరో చట్టం వచ్చింది. 2000 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. 13 ఏళ్ళలోపు పిల్లల వివరాలు సేకరించాలంటే తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలంటుంది. మీ పిల్లలు ఎక్కడ ఖాతా తెరవబోయినా 13 అనే అంకె కనిపించేది ఇందుకే. ఈ చట్టం కిందే 2019లో గూగుల్, యూట్యూబ్ 17 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. ఈ చట్టం ముఖ్యంగా పిల్లల కోసం నడిపే సైట్లకి, ఎదురుగా ఉన్నది పిల్లలని తెలిసి కూడా వివరాలు తీసుకునే సైట్లకి వర్తిస్తుంది. అంచేత చాలా సైట్లు పుట్టిన సంవత్సరం అడిగి ఊరుకున్నాయి. తొమ్మిదేళ్ళ పిల్ల 1985లో పుట్టానని టైపు చేస్తే సరేనన్నాయి.

మూడో వంతు లెక్క

2022లో లూయిసియానా రాష్ట్రం కొత్త పద్ధతి తెచ్చింది. ఒక సైటులో మూడో వంతు కంటే ఎక్కువ పిల్లలకి హానికరమైన అశ్లీల విషయం ఉంటే, ఆ సైటు చూసేవాళ్ళ వయసు నిర్ధారించుకోవాలి. ఇది 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. తర్వాత చాలా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. టెక్సాస్ 2023లో హెచ్.బి. 1181 పేరుతో చట్టం చేసింది. ఇక్కడా మూడో వంతు లెక్కే. తనిఖీ చేయని సైటుకి రోజుకి 10,000 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. 2025 జూన్ 27న సుప్రీంకోర్టు 6-3 తేడాతో ఈ చట్టాన్ని సమర్థించింది. అంటే, 1997 నుంచి వస్తున్న ధోరణి మారిందన్నమాట.

ఈ మూడో వంతు అనేది బ్రాందీ షాపుని, కిరాణా కొట్టుని విడదీయడానికి గీసిన గీత. ఉద్దేశం మంచిదే. కానీ గీత ఎలా పనిచేస్తుందో లెక్క వేసి చూద్దాం. ఒక సైటులో 100 పేజీలున్నాయి, అందులో 34 పేజీలు పెద్దలకు మాత్రమే అనుకోండి. అది చట్టం కిందికి వస్తుంది. ఇంకో సైటులో 10 లక్షల వీడియోలున్నాయి, అందులో 3 లక్షలు అలాంటివే అనుకోండి. 30 శాతమే కాబట్టి అది తప్పించుకుంటుంది. పిల్లవాడి కంట పడే అవకాశం ఎక్కడ ఎక్కువ? మూడు లక్షలున్న చోటే కదా! పైగా మూడో వంతు దేనిలో? పేజీల్లోనా, నిమిషాల్లోనా, బొమ్మల్లోనా? రోజుకి వేల బొమ్మలు వచ్చిపడే చోట పొద్దున 32 శాతం, సాయంత్రం 35 శాతం ఉంటే ఏం చేయాలి?

ఇది ఊరికే అడుగుతున్న ప్రశ్న కాదు. ఎక్స్ అనే సామాజిక మాధ్యమం పెద్దలకు సంబంధించిన విషయాలు పెట్టుకోవచ్చని 2024లో తన నిబంధనల్లోనే రాసుకుంది. అక్కడే వార్తలు, వాతావరణం, క్రికెట్ స్కోర్లు కూడా ఉంటాయి. మూడో వంతు లెక్కలో అది కిరాణా కొట్టు. కానీ వెనకాల అర మాత్రం తెరిచే ఉంది. ఈ ఇబ్బంది చూసే కొన్ని రాష్ట్రాలు గీతని జరిపాయి. కాన్సాస్ 2024లో దాన్ని 25 శాతానికి దించింది. దక్షిణ డకోటా, వయోమింగ్ 2025లో అసలు శాతం అనే మాటే లేకుండా చట్టాలు చేశాయి. అప్పుడు ఇంకో చిక్కు. శాతం తీసేస్తే కొట్టు మొత్తానికి తాళం వేయాలా, ఆ ఒక్క అరకి వేయాలా?

పెద్ద వల వేస్తే

బ్రిటన్‌లో 2023లో ఆన్‌లైన్ భద్రతా చట్టం చేశారు. 2025 జూలై 25 నుంచి వయసు తనిఖీ మొదలైంది. అశ్లీల చిత్రాలతో పాటు ఆత్మహత్యని, తనని తాను గాయపరచుకోవడాన్ని ప్రోత్సహించే విషయాలు కూడా పిల్లలకి అందకూడదన్నారు. ఇక్కడ శాతాల లెక్క లేదు. రెడిట్, ఎక్స్, డిస్కార్డ్ లాంటివి కూడా తనిఖీలు పెట్టాయి. చట్టంలో మెచ్చుకోదగ్గది ఏమిటంటే, చాలాచోట్ల సైటు గుమ్మం దగ్గర కాకుండా ఆ విషయం తెరవబోయినప్పుడే వయసు అడుగుతున్నారు. అంటే గల్లాపెట్టె దగ్గర అడిగే పద్ధతే.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, సభ్యులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే వేదికలన్నీ, చిన్నవైనా పెద్దవైనా, ఈ వల కిందికే వచ్చాయి. ప్రమాదాల అంచనా రాసిపెట్టుకోవడం లాంటి బాధ్యతలు 2025 మార్చిలో మొదలయ్యాయి. అప్పుడు ఆ పని తలకెత్తుకోలేక వాలంటీర్లు నడిపే కొన్ని చిన్న చర్చావేదికలు మూతపడ్డాయి. వాటిలో హామ్‌స్టర్లు పెంచుకునేవాళ్ళ వేదిక కూడా ఉంది! ఎలుకంత జంతువు గురించి మాట్లాడుకునే చోట పిల్లలకి ఏం ప్రమాదం అనిపిస్తుంది గానీ, చట్టం అక్షరాలా చదివితే అదీ బాధ్యత ఉన్న సైటే. రేపు లండన్‌లో మనలాంటి తెలుగు సంఘం ఒకటి చర్చావేదిక పెట్టుకోవాలన్నా ఈ కాగితాల పని ఉంటుంది. పెద్ద కంపెనీలకి లాయర్లు ఉంటారు. శనాదివారాల్లో పనిచేసే వాలంటీర్లకి ఉండేది ఒక ల్యాప్‌టాపు, కాసింత ఓపిక.

ఆస్ట్రేలియా దారి వేరు. 2025 డిసెంబర్ 10 నుంచి అక్కడ 16 ఏళ్ళలోపు పిల్లలకి సామాజిక మాధ్యమాల్లో ఖాతాలు ఉండకూడదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, స్నాప్‌చాట్, యూట్యూబ్, ఎక్స్, రెడిట్ లాంటి పది పేర్లు ప్రకటించారు. వాట్సాప్, యూట్యూబ్ కిడ్స్, గూగుల్ క్లాస్‌రూమ్ లాంటివాటిని వదిలేశారు. అక్కడి చట్టం చూసేది సైటులో ఏముందని కాదు, ఆ సైటు పిల్లలతో ఏం చేస్తుందని. అంతులేకుండా వచ్చే వీడియోలు, పరిచయం లేనివాళ్ళ సందేశాలు, లైకుల లెక్కలు. ఖాతా లేకుండా యూట్యూబ్ వీడియో చూడటానికి మాత్రం అడ్డు లేదు. కోపా చట్టపు 13కీ, ఆస్ట్రేలియా 16కీ తోడు మన దేశంలో 2023లో చేసిన సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు అందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. ఒకే తాతగారి మనవలు మూడు దేశాల్లో ఉంటే, ముగ్గురికీ మూడు వయసులన్నమాట.

తనిఖీ అంటే ఏమిటి?

దుకాణంలో కార్డు చూపిస్తే ఆయన ఒకసారి చూసి తిరిగి ఇచ్చేస్తాడు. పది నిమిషాల తర్వాత మీ పేరు కూడా గుర్తుండదు. ఇంటర్నెట్‌లో అలా కాదు. కార్డు ఫొటో ఎక్కించారంటే అది కాపీ అవుతుంది. సైటు దగ్గరుంటుందో, సైటు పని అప్పగించిన ఇంకో కంపెనీ దగ్గరుంటుందో మనకి తెలియదు. 2025 అక్టోబరులో డిస్కార్డ్ ఒక ప్రకటన చేసింది. తన తరఫున పనిచేసే మరో సంస్థ మీద జరిగిన దాడిలో సుమారు 70,000 మంది ప్రభుత్వ గుర్తింపు కార్డుల ఫొటోలు బయటపడి ఉండవచ్చని చెప్పింది. వయసు గురించి వచ్చిన అభ్యర్థనలు చూడటానికి సేకరించిన కార్డులవి. పిల్లల భద్రత కోసం తీసుకున్న కాగితాలే దొంగల చేతికి దొరికాయి.

రెండో పద్ధతిలో కెమెరా ముందు మొహం పెడితే కంప్యూటరు వయసు అంచనా వేస్తుంది. ఇది కచ్చితమైన కొలత కాదు, అంచనా. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024లో ఇలాంటి ప్రోగ్రాములని పరీక్షించింది. ఆడా మగా, పుట్టిన ప్రాంతం, వయసు, ఫొటో నాణ్యతని బట్టి పొరపాట్లు మారుతున్నాయని తేల్చింది. 8 ఏళ్ళ పిల్లని, 35 ఏళ్ళ తల్లిని వేరు చేయడం సులువు. 17, 19 మధ్య తేడా చెప్పడం కష్టం.

మూడో పద్ధతి ఫోనులోనే వయసు పెట్టడం. కాలిఫోర్నియా 2025లో చేసిన చట్టం ప్రకారం, ఫోను మొదటిసారి సిద్ధం చేసేటప్పుడు తల్లిదండ్రులు పిల్లల వయసు చెప్తారు. 13 లోపా, 13-15 మధ్యా, 16-17 మధ్యా, 18 దాటిందా అన్నది మాత్రమే ఫోను యాప్‌లకి చెప్తుంది. పేరు చెప్పదు, కార్డు అడగదు. 2027 జనవరి 1 నుంచి అమలని చట్టంలో ఉంది. నా వృత్తి దృష్టితో చూస్తే ఇందులో ఒక మంచి సూత్రం ఉంది. అడిగినవాడికి కావలసింది అవును, కాదు అనే ఒక్క మాట. దానికోసం ఇంటి చిరునామా, లైసెన్సు నంబరు ఇవ్వనక్కర్లేదు.

మన ఇళ్ళ సంగతి

ఇలాంటి చట్టాలు చర్చకొచ్చినప్పుడు మన ఇళ్ళలాంటి ఇళ్ళ గురించి ఆలోచించేవాళ్ళు తక్కువ. ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నలకి భారత పాస్‌పోర్టు తప్ప ఇక్కడి గుర్తింపు కార్డు ఉండదు. వీసా మీద ఉన్నవాళ్ళ డ్రైవింగ్ లైసెన్సు వీసా గడువుతో పాటే ముగుస్తుంది. పొడిగింపు కాగితం వచ్చేదాకా చేతిలో ఉన్నది గడువు దాటిన కార్డే. టెక్సాస్ చట్టం గుర్తింపు కార్డుకి బదులుగా ఇంటి అప్పు, ఉద్యోగం, చదువుల రికార్డుల ద్వారా కూడా వయసు చూడవచ్చంటుంది. నిన్నగాక మొన్న దిగినవాళ్ళకి ఆ రికార్డులెక్కడివి? క్రెడిట్ హిస్టరీ లేదని అద్దె ఇల్లు ఇవ్వని రోజులు మనలో చాలామందికి గుర్తే. ఇదీ అదే వరస.

తనిఖీ బ్రాందీ షాపుల దగ్గరే ఆగితే ఈ ఇబ్బంది పెద్దదేం కాదు. అదే గనక వార్తలకి, నిఘంటువుకి, ఆరోగ్య సమాచారానికి, మనవల ఫొటోలు చూసే చోటుకి పాకితే, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళు చదువుకోవడానికి లేకుండా పోతుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. మన ఇళ్ళలో కొన్ని విషయాలు మాట్లాడుకోం. శరీరంలో వచ్చే మార్పులు, దిగులు, చచ్చిపోవాలనిపించడం, ఇంట్లో ఎవరో చేసే తప్పుడు పని. పద్నాలుగేళ్ళ పిల్ల అమ్మని అడగలేక ఇంటర్నెట్‌ని అడుగుతుంది. అక్కడ ఒక మంచి ఆసుపత్రి రాసిన పేజీ తెరుచుకోవాలి. 988 అనే సహాయ నంబరు కనబడాలి. ఆ పేజీ ముందు "కార్డు చూపించు" అనే తలుపు పెడితే, ఆ పిల్ల కార్డు తేదు. వెనక్కి తిరిగి, కార్డు అడగని చోటుకి వెళ్తుంది. ఆ చోటు ఎలాంటిదో ఎవరు చెప్పగలరు?

మరి ఏ సైట్లకి?

నా మటుకు నాకు తోచిన విభజన ఇది.

మొదటిది, పెద్దల సరుకే వ్యాపారంగా ఉన్న సైట్లు. అశ్లీల చిత్రాలు, జూదం, మద్యం, పొగాకు, వేపింగ్ సామాన్లు. వీటికి గుమ్మం దగ్గరే తనిఖీ ఉండాలి. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

రెండోది, అన్నీ కలిసిన పెద్ద సైట్లు. వీటికి శాతాల లెక్క వద్దు, అరకి తాళం వేయాలి. ఏ పోస్టు పెద్దలదో మాకెలా తెలుస్తుందని కంపెనీలు అనవచ్చు. ప్రకటనలిచ్చేవాళ్ళు తమ సరుకు బొమ్మ పక్కన అలాంటివి రానివ్వరు. అందుకోసం ఈ వర్గీకరణ ఎప్పటినుంచో చేస్తూనే ఉన్నారు. డబ్బు కోసం చేయగలిగిన పని పిల్లల కోసం చేయలేరా?

మూడోది, సరుకులో తప్పు లేకపోయినా పిల్లల్ని కట్టిపడేసే చోట్లు. వీటికి కార్డు తనిఖీ కన్నా పద్ధతి మార్చడం ముఖ్యం. పిల్లల ఖాతా అని తెలిస్తే కొత్తవాళ్ళ సందేశాలు ఆగాలి, రాత్రిపూట గంటలు మోగకూడదు, డబ్బు ఖర్చుకి పెద్దల అనుమతి ఉండాలి.

నాలుగోది, చదువుకునే చోట్లు. విజ్ఞాన సర్వస్వాలు, గ్రంథాలయాలు, వార్తలు, ఆరోగ్య సమాచారం, బళ్ళు, వాలంటీర్ల చిన్న వేదికలు. వీటికి వయసు తనిఖీ అసలు ఉండకూడదు. ఆ సంగతి చట్టంలోనే స్పష్టంగా రాయాలి. టెక్సాస్ చట్టం వార్తాసంస్థలని మినహాయించింది. అలాంటి మినహాయింపు మిగతావాటికీ కావాలి.

ఎక్కడ తనిఖీ పెట్టినా రెండు షరతులు. చూశాక వివరాలు దాచుకోకూడదు. టెక్సాస్ చట్టంలో ఈ నిబంధన ఉంది, దాన్ని మెచ్చుకోవాలి. రెండోది, ఇక్కడి కార్డు లేనివాళ్ళకి ఇంకో దారి ఉండాలి.

పదహారేళ్ళ కుర్రాడు వీపీఎన్ వాడి దాటేస్తాడు కదా అని మిత్రులు అంటుంటారు. నిజమే. బ్రిటన్‌లో తనిఖీలు మొదలైన వారంలోనే వీపీఎన్ యాప్‌ల డౌన్‌లోడ్లు బాగా పెరిగాయి. పట్టుదల ఉన్నవాణ్ణి ఏ గోడా ఆపదు. కానీ తొమ్మిదేళ్ళ పిల్ల హోంవర్క్ కోసం ఏదో వెతుకుతూ పొరపాటున అక్కడికి చేరకుండా ఆపడం చిన్న విషయం కాదు. తాళం దొంగ కోసమే కాదు, దారి తప్పినవాళ్ళ కోసం కూడా.

పిల్లలకి రెండు మాటలు

మీకు ఏదైనా సైటు కార్డు ఫొటో గానీ, మొహం ఫొటో గానీ అడిగితే ఇచ్చేముందు అమ్మనో నాన్ననో పిలవండి. వయసు అడిగే తలుపు ఎదురైతే మిమ్మల్ని శిక్షిస్తున్నారని అనుకోకండి. పొరపాటున చూడకూడనిది చూసినా మీ తప్పేమీ లేదు, వచ్చి చెప్పండి. తల్లిదండ్రులారా, అలా వచ్చి చెప్పిన పిల్లల చేతిలోంచి ముందు ఫోను లాక్కోకండి. ఇంకోసారి చెప్పరు.

చివరిగా ఒక పని. టెక్సాస్ శాసనసభ బేసి సంవత్సరాల్లో జనవరిలో సమావేశమవుతుంది. బిల్లుల మీద కమిటీలు బహిరంగ విచారణలు పెడతాయి. మీ ప్రాంతపు ప్రతినిధికి ఉత్తరం రాయడానికి పౌరసత్వం అక్కర్లేదు. "పిల్లల్ని కాపాడండి" అని చాలామంది రాస్తారు. మీరు ఇంకో వాక్యం చేర్చండి: ఏ సైట్లకి వర్తిస్తుందో, ఏ సైట్లకి వర్తించదో చట్టంలోనే రాయండి అని. అమ్మానాన్నలు పాస్‌పోర్టుతో వచ్చి ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో కూడా రాయండి. ఆ సంగతి వాళ్ళకి మనం చెప్తేనే తెలుస్తుంది.